రాగి మీద వార్నిష్

పద్దెనిమిదేండ్ల సంది మా బామ్మర్దితోని నాకు మాటల్లేవు. పోయిన నెల ఒక్క డబ్బ వార్నిష్ నన్ను వాని గడప దాక నడిపించింది. ఎట్లనో చెప్త వినుండ్రి, మీ చాయ్ చల్లారే లోపల అయిపోతది.

నాకు సదువు అంతంతే. రెండో తరగతిల బడి ఇడిసిన. అక్షరాలు కూడబలుక్కోని సదువుత, గట్లనే రాస్త. కానీ మోటర్ వైండింగ్‌ల నా పనికి వంక పెట్టినోడు లేడు. లాలాగూడల నలభై ఏండ్లు దుకాణం నడిపిన. నా దుకాణంల ఒక్కటే కానూన్: ఉత్త రాగి కంటికి కనవడొద్దు. తీగె చుట్టినంక వార్నిష్ పడాలె, ఎండాలె, అప్పుడే మోటర్ బయటికి పోవాలె.

నా పెండ్లాం తమ్ముడు సత్తయ్య గా దుకాణంల నాతోనే పనిచేసేటోడు. వార్నిష్ వేసుడు నా పని. కాలిన మోటర్లకెల్లి పాత వార్నిష్ తీసుడు వాని పని. ఒకనాడు నేను పెండ్లికి పోతే, తొందరల వార్నిష్ వెయ్యకుండనే ఒక పంపు మోటర్ ఇచ్చి పంపిండు. వారం తిరగకముందే కాలిపోయింది. గిరాకీ వచ్చి నలుగురి ముంగట నన్ను నానా మాటలన్నడు. గా దినం సంది సత్తయ్యతోని మాట బంద్. మారేడ్‌పల్లిల మా ఇంటికి వాని ఇల్లు నాలుగిండ్ల అవతల. సందుల ఎదురైతే నేను కరెంటు తీగెల దిక్కు చూస్త, వాడు చెప్పుల దిక్కు చూస్తడు.

ఇగ నా మనవరాలు శ్రావణి. ఇంజనీరు, మా దగ్గర్నే ఉంటది. ఆఫీసుల సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేస్తది. కూరగాయలు మోసే బ్యాటరీ బండికి కంట్రోలర్ బోర్డు చేసే పని ఈసారి తనకే ఇచ్చిన్రు. ఎక్కువ కరెంట్ పోయే బోర్డు చేసుడు తనకు అదే మొదలు. 'గంత కరెంట్ పని గీ పిల్లకెందుకు' అని ఆడ ఒక సారు అన్నడట. గా సారును నేను చూడలే గనీ, యాది పెట్టుకున్న.

ఒకనాడు లాప్‌టాప్ తెచ్చి నా ముంగట పెట్టింది.

"తాతా, బ్యాటరీ కెల్లి మోటర్‌కు అరవై ఆంపియర్ పోతది. బోర్డు మీద ఈ రాగి దారి చాలుతదా?"

"గిది మేకలు పోయే తొవ్వ బిడ్డా. అరవై ఆంపియర్ అంటే పొద్దుగాల బోయిన్‌పల్లి మార్కెట్‌కు వచ్చే లారీలు. వెడల్పు చెయ్. బ్యాటరీ బోల్టులను గిటు జరుపు, దారి పొట్టిగైతది. మలుపులు తియ్."

అన్నీ లాప్‌టాప్ బొమ్మలనే చేసింది. బోల్టులు జరిపింది, రాగి దారి రోడ్డు లెక్క పరిచింది. కరెంటును ఆపి ఇడిసే నల్ల ముక్కలు, అవేవో మాస్‌ఫెట్‌లట, వాటిని ఒక్క వరుసల నిలబెట్టింది. కింది వైపుకు సుత వేడి పోవాలెనని దారి పొడుగుత చీమలు దూరేటంత బొక్కలు పెట్టింది. నా ఛాతీ రెండించులు పెరిగింది.

"ఇంక వెడల్పుకు జాగ లేదు తాతా. మాస్క్ ఓపెన్ పెట్టి సోల్డర్ బిల్డప్ చేస్త. ఓకేనా?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలే. కానీ నలభై ఏండ్ల పనోన్ని, మనవరాలిని అడుగుతనా? "ఆఁ, గట్లనే చెయ్," అన్న, నేనే చెప్దామనుకున్నట్టు.

గాడ పడ్డది బీజం.

శనివారం శ్రావణి ఆఫీసుకు పోయినంక, ఫ్యాక్టరీల చేసిన బోర్డులు ఇంటికి కొరియర్‌ల వచ్చినయ్. రెండు. ఇప్పి చూసిన. మంచి ఆకుపచ్చ పూత, తళతళ మెరుస్తున్నయ్. తిప్పి చూసిన. నేను పరిపించిన రోడ్డు మీద, నడిమధ్యల, వేలు వెడల్పున పూత లేదు. బోర్డు చేసినోళ్లు పూత వెయ్యకుండ ఇడిసిపెట్టిన్రు. రెండింటికీ గదే జాగల.

"చూసినవా," అన్న మా ఆమె రాజమ్మతోని. "నీ తమ్ముని అసొంటోడు బోర్డుల ఫ్యాక్టరీల సుత ఉన్నడు."

"పిల్ల వచ్చినంక అడుగు," అన్నది.

"అడిగేదేంది, కండ్లు లేవా నాకు?"

అటక మీది కెల్లి నా పాత పెట్టె దించిన. గాలికి ఎండే వార్నిష్ ఒక డబ్బ ఇంకా మంచిగనే ఉన్నది. సన్న కుంచెతోని, ఊపిరి బిగబట్టి, గా రాగి మీద గీసినట్టు వేసిన. చీమ బొక్కల్లకు సుత దింపిన. సామాను కూసునే జాగలు ముట్టలే, గంత తెలివి నాకున్నది. ఒక కోటు ఎండినంక రెండో కోటు. రెండో బోర్డుకు సుత. నా చేతిల సగం పని ఎప్పుడూ మిగలలే.

మూడింటికి శ్రావణి వచ్చింది. సోల్డర్ ఐరన్ వేడి చేసి కూసున్నది. సీసం కరుగుతున్నది గనీ రాగికి అంటుతలేదు. తామరాకు మీద నీళ్ల లెక్క జారిపోతున్నది.

"తాతా, దీనికి ఏమన్న పూసినవా?"

"రెండింటికీ పూసిన. రెండు కోట్లు." షాబాష్ అంటదని చూస్తున్న.

ఐరన్ పక్కకు పెట్టింది. "మాస్క్ ఓపెన్ అంటే గదే తాతా, పూత కావాలెననే ఇడిసిపెట్టిచ్చిన. ఆ జాగల సీసం కుప్ప పోస్తే దారి మందమైతది, అప్పుడే అరవై ఆంపియర్ మోస్తది. సోమవారం పదింటికి ట్రయల్. కొత్త బోర్డులు రావాలంటే ఎనిమిది దినాలు."

నా మీద ఒర్లలే. ఒర్లినా బాగుండు. వంటింట్లకు పోయి, కడిగి పెట్టిన గ్లాసునే మళ్ల కడిగింది.

నేను బ్లేడు తీసుకున్న. ఒక్క గీత గీసేటాలకు పక్కన ఆకుపచ్చ పూత లేచింది. చెయ్యి ఆగిపోయింది. వార్నిష్ తీసుడు నాకు రాదు. ఎన్నడు నేర్చుకోలే, గది నా పని కాదు గద.

రాజమ్మ తలుపు కాడ నిలబడ్డది. "నా తమ్ముడు నాలుగిండ్ల అవతలనే ఉన్నడు. పిల్ల కన్న పట్టింపు ఎక్కువనా?"

నాలుగిండ్లు గంత దూరమని నాకు గప్పుడే తెలిసింది. సత్తయ్య వాని ఇంటి ముంగటి అరుగు మీద పల్లీలు ఒలుస్తున్నడు. బోర్డులు వాని ముంగట పెట్టిన.

"కూసో బావా," అన్నడు, నిన్ననే కలిసినట్టు. బోర్డును ఎండకు పట్టి చూసిండు. "ఎవరేసిన్రు?"

నేను కరెంటు తీగెల దిక్కు చూసిన.

"పనితనం ఉన్నది. ఒక్క బుడగ లేదు," అన్నడు. "గందుకే తీసుడు తక్లీఫ్ అయితది."

దూదిని థిన్నర్‌ల ముంచి, గా పట్టీ మీద మాత్రమే పరిచిండు. వార్నిష్ మెత్తబడంగనే వెదురు పుల్లతోని లేపిండు. చీమ బొక్కల్ల ఒక్కొక్కదాంట్ల సన్న రాగి పోగు పెట్టి తిప్పిండు. శ్రావణి వచ్చి పక్కన కూసోని బొక్కలు లెక్కపెట్టుకుంట చూసింది. నేను దూది అందిచ్చిన. పద్దెనిమిదేండ్ల కింద వాడు నాకు అందిచ్చేటోడు.

రెండో బోర్డు సగమైనంక, తల ఎత్తకుండనే అన్నడు.

"బావా, గా పంపు మోటర్‌కు నేను వార్నిష్ వెయ్యలేదని పద్దెనిమిదేండ్లు మాట్లాడలే నువ్వు. గిప్పుడు దీనికి నువ్వు వేసినందుకు నేనెన్నేండ్లు మాట్లాడొద్దు?"

"మొదాలు అది తీసుడు కానియ్యి. తరువాత నీ ఇష్టం," అన్న.

శ్రావణి దుపట్ట నోట్ల కుక్కుకోని నవ్వింది.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. బండి ఆలుగడ్డ బస్తాలతోని ఆఫీసు చుట్టు తిరిగిందట. ఆపి చెయ్యి పెట్టి చూస్తే గా దారి గోరువెచ్చగనే ఉన్నదట. సత్తయ్యకు చెప్పిన. అంటే నేనే పోయి, నా నోటితోని. మాఫ్ చేసిన అనుకోకుండ్రి, గా పంపు మోటర్ నాకింకా యాదిలనే ఉన్నది.

నిన్న అదే బోర్డు కొత్తది వచ్చింది. శ్రావణి నా చేతిల పెట్టి కండ్లద్దాలు ఇచ్చింది. రాగి పట్టీ పక్కన తెల్లటి సన్న అక్షరాలు, తెలుగుల. కూడబలుక్కున్న: "తా...తా... వా...ర్ని...ష్... వ...ద్దు."

ఇసొంటి బోర్డులు నూరు చేస్తరట, నూరింటి మీద గదే ఉంటదట. సత్తయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నడు. నవ్వనియ్యి. నూరు బండ్లల్ల నా పేరున్నది. వాని పేరు ఒక్కదాంట్ల సుత లేదు.