గంగి చనిపోయింది పళ్ళ జ్వరంతో కాదు

1952 వేసవిలో నేను కంబదూరు డిస్పెన్సరీలో మిడ్‌వైఫ్‌ని. నెల్లూరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. వానల్లేక చేలన్నీ బీడుపడితే సర్కారు కరువు పనులు పెట్టింది. ఊరి బయట వేస్తున్న రోడ్డుకు ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కంకర కొట్టేవారు. వారానికి రెండుసార్లు మందుల పెట్టెతో నేను అక్కడికి వెళ్ళేదాన్ని.

తిప్పక్కను అక్కడే చూశాను. ఇరవై ఏళ్ళుంటాయేమో. మొగుడు పని వెతుక్కుంటూ బళ్ళారి వైపు పోయాడట. ఎనిమిది నెలల కూతురు గంగిని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"రెండు దినాలుగా ఒగటే ఏడుపు నర్సమ్మా. పాలు గూడా సరిగ్గా తాగడంల్యా."

పిల్ల చొల్లు కారుస్తూ పిడికిలి కొరుక్కుంటోంది. జ్వరం లేదు, విరేచనాలూ లేవు. చెయ్యి కడుక్కొని కింది చిగురు తడిమితే ఉబ్బి ఉంది, లోపల గట్టిగా తగిలింది. మేం టీథింగ్ అంటాం, పళ్ళు మొలిచేటప్పటి బాధ. జబ్బు కాదు. కడిగిన వేలితో చిగురు మెల్లగా రుద్దమన్నాను. కాచి చల్లార్చిన నీళ్ళలో శుభ్రమైన గుడ్డ తడిపి నమలనివ్వమన్నాను.

"ఏడ్చకుండా మందేమన్నా ఇయ్యమ్మా."

"దీనికి మందెందుకు? భుజాన వేసుకో, అదే ఊరుకుంటుంది."

తిప్పక్క ఒకసారి అక్కడ పని చేయించే మేస్త్రీ వైపు చూసి, పిల్లను తీసుకొని పోయింది. ఆ చూపు నేను గమనించాను. ఎందుకని అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పిల్లను చేతుల మీద వేసుకొని డిస్పెన్సరీకి పరుగెత్తుకొచ్చింది.

"లేపితే లేయడంల్యా నర్సమ్మా!"

గంగి మెడ వాలిపోయి ఉంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. రెప్ప ఎత్తి చూస్తే కంటిపాపలు సూదిమొనంత ఉన్నాయి. పిన్‌పాయింట్ ప్యూపిల్స్ అంటాం. నల్లమందు లోపలికి పోయిందనడానికి గుర్తు.

"ఏం పెట్టావు?"

"రవ్వంత నల్లమందు. పాలల్లో అరగదీసి..."

"తల్లివేనా నువ్వు? ఎత్తుకోమని చెప్పలేదా?" అని అరిచాను.

"ఎత్తుకుంటే సుత్తి ఎవురు పడతారమ్మా? పాలియ్యను లేసినాననే మేస్త్రీ తిట్న్యాడు. ఇంగోసారి లేస్తే పనికి రావద్దన్యాడు. పని పోతే నాకు పాలు యాడనుంచి వస్తాయి?"

డాక్టరూ నేనూ అరికాళ్ళు చరుస్తూ, నోటితో ఊపిరి ఊదుతూ సాయంత్రం దాకా పెనుగులాడాం. పొద్దుగూకే వేళకు గంగి పోయింది. తిప్పక్క ఏడవలేదు. పిల్ల నోట్లో వేలు పెట్టి చిగురు తడిమింది.

"పన్ను పొడిసినాది," అంది.

చావులు రాసే రిజిస్టరు ముందు కూర్చుంటే డాక్టరు నన్ను ఆపాడు. "నల్లమందని రాస్తే పోలీసులు తల్లిని పట్టుకుపోతారు. మేస్త్రీని కాదు."

పళ్ళ జ్వరం అని రాశాను, నా చేత్తోనే. పిల్లకు జ్వరమే లేదు.

మర్నాడు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, పాలిచ్చే తల్లులకు పూటకొకసారైనా కాసేపు వదలమని అడిగాను. ముందురోజు పోయిన పిల్ల సంగతి కూడా ఎత్తాను.

"పళ్ళ జ్వరమొస్తే నేనేం జేయల్ల నర్సమ్మా? మీ పుస్తకంలోనే రాసినారంట గదా," అన్నాడు.

అతని వెనక తిప్పక్క అప్పటికే పనిలోకి వచ్చి కంకర కొడుతోంది. నా వైపు తలెత్తలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. పళ్ళు రావడం వల్ల ఏ పిల్లా చనిపోదని నాకు ముందే తెలుసు, అది చదువుకున్నదే. తిప్పక్క వల్ల తెలిసింది వేరు. ఏ తల్లికైనా ఏం చేయాలో చెప్పే ముందు, పగలంతా ఆ బిడ్డను ఎవరు ఎత్తుకుంటారని అడగడం మొదలుపెట్టాను. వాళ్ళ జవాబు విన్నాక చాలాసార్లు నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.