గుంటుపల్లి కొండ మీద ఈగలు లేచిన మధ్యాహ్నం

మా ఆయన అక్కగారిని నేను వదినా అని పిలుస్తాను. రావులపాలెంలో వాళ్ళది అరటి గెలల వ్యాపారం. పొద్దున్నే మార్కెట్లో నిలబడి గెల బేరం చేసే మనిషి. మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెబితే గేర్ల సైకిలు కొనుక్కుంది. ఆవిణ్ణి చూసి నేనూ కొన్నాను. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. సెలవొస్తే ఇద్దరం ఏటిగట్టు మీద పడి తిరిగేవాళ్ళం.

ఒకసారి పిల్లల్ని స్కూలు బస్సులో గుంటుపల్లి బౌద్ధ గుహలకి తీసుకెళ్ళాను. తలలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయింది, గుహలు చూడనే లేదు. ఆ మాట వదినతో అంటే, "అయితే సైకిళ్ళ మీద వెళ్దాం. మనల్ని తొందరపెట్టేవాళ్ళుండరు" అంది. కార్తీకం వెళ్ళాక వీపున బ్యాగులు తగిలించుకుని బయల్దేరాం. వాయుగుండం అంటున్నారని రెయిన్‌కోట్లు పెట్టుకున్నాం. వదిన తన బ్యాగులో సగానికి చక్కెరకేళీలు సర్దింది.

సిద్ధాంతం వంతెన దాటి తణుకు, అక్కడినుంచి తాడేపల్లిగూడెం. అంతవరకు మా పల్లపు నేలే. ఆ తర్వాత మెట్ట మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక మాకు తెలిసిన ఎత్తల్లా ఏటిగట్టే. ఎర్రమట్టి, పామాయిల్ తోటలు, ఎక్కుతూనే ఉండే రోడ్డు మాకు కొత్త. గేర్లు ఎందుకున్నాయో ఆ రోజు తెలిసింది. దారిలో ఆగి ఆగి, ద్వారకా తిరుమల సత్రంలో పడుకుని, మర్నాడు కామవరపుకోట మీదుగా కొండ కిందికి చేరాం. కాపలా ఉన్నాయన సైకిళ్ళు తన గది పక్కన పెట్టించి, "ఎక్కడినుంచండి?" అనడిగాడు. చెబితే మా ఇద్దరినీ, సైకిళ్ళనీ మార్చి మార్చి చూశాడు.

మెట్లెక్కి, కొండను తొలిచి చేసిన భిక్షువుల గదుల దగ్గర ముందు ఆగాం, స్తూపం ఉన్న గుండ్రటి గుహ తర్వాత చూద్దామని. లోపల చల్లగా, గబ్బిలాల వాసన. వదిన గోడ మీద ఉలి గీతలు వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది. బయట ఒక పెద్దాయన ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నాడు. భీమవరం నుంచి కార్లో వచ్చారట. భార్య వెనకాల మెల్లగా మెట్లెక్కుతోందని చెప్పాడు.

అంతలో పైన రాతి అంచుకున్న తేనెపట్టు మీద డేగో ఏదో వాలి లేచింది. ముందు తేనెటీగల హోరు వినిపించింది. తర్వాత గుహ ముందు వెలుగు మసకబారినట్టయింది.

నేను పెద్దాయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. ఆయన మెడ మీద అప్పటికే కుట్టేశాయి. "మా ఆవిడ మెట్ల మీద ఉందండీ" అంటూ మళ్ళీ బయటికి పోబోయాడు. వదిన ఆయనకి అడ్డంగా నిలబడి రెయిన్‌కోటు తీసింది.

"నేను తీసుకొస్తాను" అంది.

"మీకు మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది వదినా. అక్కడ ఆగిపోతే ఇద్దర్ని మొయ్యాలి. నేనెళ్తాను."

వదిన కోటు నా చేతికిచ్చింది. నా కోటు వేసుకుని, చున్నీ ముక్కు మీదికి కట్టుకుని, సైకిలు కళ్ళద్దాలు పెట్టుకున్నాను. భయం లేదని కాదు గాని, ఏం చెయ్యాలో నాకు తెలుసు. పరిగెత్తకూడదు, చేతులు విసరకూడదు. క్లాసులో ఎన్నోసార్లు చెప్పినట్టే నెమ్మదిగా దిగాను. ఈగలు వచ్చి కోటుకి తగులుతుంటే చినుకులు పడుతున్నట్టుంది.

ఆవిడ మెట్టు మీద కూర్చుని, చీర కొంగు తలమీద నుంచి కప్పుకుని, ముడుచుకుని కదలకుండా ఉంది. నేను రెండో కోటు ఆవిడ మీద కప్పాను.

"నడవగలరా అండీ?"

"పట్టుకుంటే నడుస్తానమ్మా. పరిగెత్తమనకు."

"పరిగెత్తొద్దండి. గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు నడుద్దాం."

అలాగే నడిచాం. నా చీలమండ మీద కుట్టాయి, ఆవిడ చెవి మీద కుట్టాయి. ఇద్దరం ఆగలేదు. మేం లోపలికి రాగానే వదిన మాతో వచ్చిన ఈగల్ని టోపీతో కొట్టేసి, కోట్లు రెండూ గది వాకిలికి అడ్డంగా కట్టేసింది.

చీకట్లో నలుగురం కూర్చున్నాం. ఫోను వెలుతురులో ఏటీఎం కార్డు అంచుతో ముళ్ళు గీకి తీశాను. పెద్దాయన భార్య చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి వదిన బ్యాగు తెరిచి అరటిపండు తీసింది.

"వదినా, వొలవకండి."

"ఏం?"

"ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలవడానికి ఒక వాసన వదులుతుంది. అది అరటిపండు వాసనలాగే ఉంటుంది."

వదిన పండుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "పుట్టిందగ్గర్నుంచీ అరటిపళ్ళలోనే ఉన్నాను. ఈ మాట ఒక్కరూ చెప్పలేదు" అని పండుని బ్యాగు అడుక్కి నెట్టేసింది. చెవి వాచిన పెద్దావిడ ముందుగా నవ్వింది.

"మీ ఇంట్లో ఆడవాళ్ళు ఇలా సైకిళ్ళ మీద తిరుగుతారా?" అనడిగింది ఆవిడ.

"తిరుగుతామండి. వెళ్తున్నామని చెబుతాం, వెళ్ళొచ్చా అని అడగం" అంది వదిన.

ఎండ వాలాక హోరు తగ్గింది. కాపలా ఆయన కింద నుంచి కేకేసి, ఈగలు సర్దుకున్నాయని చెప్పాడు. చప్పుడు చెయ్యకుండా దిగాం. పెద్దాయన మమ్మల్ని కార్లో దింపుతానని, సైకిళ్ళు పైన కడదామని బతిమాలాడు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పి, మా ఫోను నంబరిచ్చి వాళ్ళని పంపించాం. మేం మెల్లగా తొక్కుకుంటూ కామవరపుకోట చేరి, అక్కడ నేనూ ఇంజక్షను వేయించుకున్నాను. ఆ రాత్రికి అక్కడే ఆగిపోయాం. రాత్రి పెద్దావిడ ఫోన్ చేసి, చెవి ఇంకా వాచే ఉంది గాని భోజనం చేశానని చెప్పింది.

పొద్దున్నే వదిన నా కాలు నొక్కి చూసి, "ఇంటికా, కొండకా?" అంది.

"గుండ్రటి గుహ చూడలేదు కదా."

గేటు తియ్యగానే మేం అక్కడున్నాం. "మళ్ళీ వచ్చారేంటండి?" అన్నాడు కాపలా ఆయన.

"చూడాల్సింది ఇంకా ఉందండి" అన్నాను.

తేనెపట్టుకి దూరంగా, అటువైపు మెట్ల మీద నుంచి తీసుకెళ్ళాడు. గుండ్రటి గుహ కప్పు లోపలంతా పూరింటి వాసాల్లా చెక్కి ఉంది. నడుమ రాతి స్తూపం. వదిన దాని చుట్టూ నడిచి, ఒకచోట ఆగి, కప్పు వైపు తలెత్తి సన్నగా కూనిరాగం తీసింది. ఆ గొంతు గోడల వెంట గుండ్రంగా తిరిగి నా వెనక నుంచి వినిపించింది.

"నువ్వూ పాడు" అంది.

నాకు పాట రాదు. అయినా పాడాను.