అంచు బాగుందన్నాను

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు కూడా ఆ ఒక్కటి దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

వరంగల్ బజారులో మాది జంపఖానాలు, దుప్పట్లు అమ్మే దుకాణం. గల్లా దగ్గర మా ఆయన కూర్చుంటారు, మాట్లాడేది నేను. మస్కా కొడతానని, బిస్కెట్లు వేస్తానని, ఎంతటివాళ్లనైనా మునగచెట్టు ఎక్కిస్తానని పక్క దుకాణాలవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లావుపాటి ఆవిడను సన్నబడ్డారనేదాన్ని. గీచి గీచి బేరమాడే ముసలాయనతో, మీ కంటికి ఆనితే మంచి సరుకన్నట్టే అనేదాన్ని. ఎవరికేం నష్టం అనుకున్నాను.

కాశిబుగ్గలో ఒక పెద్దాయన మాకు జంపఖానాలు నేసేవాడు. పేరు చెప్పను. నన్ను బిడ్డా అని పిలిచేవాడు, నేను పెద్దనాయనా అనేదాన్ని. తొమ్మిదేళ్ల కిందట హనుమకొండలో ఒక చర్చివాళ్లు క్రిస్మస్‌కు కింద పరవడానికి ఎనిమిది పొడుగు జంపఖానాలు అడిగారు. ఆయన మొదటిది నేసి తెచ్చాడు. విప్పి చూస్తే ఒక పక్క అంచంతా వంకర. ఆయన చేతి పని అలా ఉండగా నేనెన్నడూ చూడలేదు.

"అంచు మంచిగ వచ్చిందా బిడ్డా? నిజం చెప్పు. నడుమ చూస్తే అంచు కనవడ్తలేదు, అంచు చూస్తే నడుమ పోతాంది. జర కండ్ల దవాఖానకు పోదామనుకుంటాన. మగ్గం నాలుగు దినాలు ఆగినా మంచిదే."

ఆయన ఆగితే చర్చివాళ్లు వేరే దుకాణం చూసుకుంటారు. నేను ఒక్క క్షణం తడబడలేదు. ఇవాళ్టికీ నన్ను భయపెట్టేది అదే.

"మీకేమైంది పెద్దనాయనా, అంచు గీత గీసినట్టున్నది. కాశిబుగ్గ మొత్తంల గీ చెయ్యి ఎవలకున్నది? దిష్టి తగుల్తది మీకు. దవాఖానకు పండుగ అయినంక పోదురు గని."

ఆయన ముఖం విప్పారింది. భుజం మీది తువ్వాలు సర్దుకొని వెళ్లాడు. నా మాటల సంగతి బజారంతటికీ తెలుసు, ఆయనకూ తెలుసు. మరి తనకు మాత్రం నిజమే చెబుతానని ఎందుకు నమ్మాడు? బిడ్డా అని పిలిచినందుకా?

ఆ వంకరది దుకాణంలో ఉంచేసి, ఇంకొకటి ఎక్కువ కావాలన్నారని అబద్ధమాడి నేయించాను. మిగతావన్నీ అంచును వేళ్లతో తడుముకుంటూ నేశాడని తరువాత ఆయన భార్య చెప్పింది. పండుగ అయ్యాక ఇంకో పని ఒప్పజెప్పాను. ఎండాకాలంలో దవాఖానకు పోతే, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదన్నారు. ముందే వస్తే కొంత చూపైనా నిలిపేవాళ్లమన్నారు. వానలు పడేసరికి ఉన్న కాస్త చూపూ పోయింది. మగ్గం విప్పేశారు.

రోగం నేను తెచ్చింది కాదని, ఆయనకు కొడుకులూ కోడళ్లూ లేరా అని, నేను చెప్పినంత మాత్రాన దవాఖానకు పోయేవాడో లేదో అని ఏళ్ల తరబడి నాతో నేను వాదించుకున్నాను. చివరికి నాకు నేనే మస్కా కొట్టుకుంటున్నానని తెలిసి ఊరుకున్నాను. ఇచ్చకాలు, ముఖస్తుతి, కాకా పట్టడం... ఎన్ని మాటలో. అన్నీ నవ్వుతూ అనేవే. నేను చేసినదానికి వాటిలో ఒక్కటీ చాలదు.

మొన్న ఆయన మనవరాలి చెయ్యి పట్టుకొని దుప్పటి కోసం దుకాణానికి వచ్చాడు. కింద పరిచిన ఆ వంకర జంపఖానా మీదే కూర్చున్నాడు. మాట్లాడుతుండగా వేళ్లు అంచు మీదికి పోయాయి. అక్కడక్కడే తిరిగాయి.

"గిది ఎవలు నేసిండ్రు బిడ్డా? అంచు గిట్ల పోయింది. నేసినాయనకు చెప్పలేదా?"

"చెప్పలేదు పెద్దనాయనా."

"చెప్పాలె బిడ్డా. పాపం, ఆయనకు తెల్వదు గదా."

దుప్పటి మడిచి ఆయన చేతిలో పెట్టాను. సల్లగుండు బిడ్డా అని దీవించి, దుప్పటి సంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

నేసింది ఎవరో ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు, ఇక రాదు. మీకు చెప్పాను. గొంతులో అడ్డం కొద్దిగా కదిలింది, అంతే. జంపఖానా ఇంకా అక్కడే పరిచి ఉంది.