కాలనీ బోరు

1995లో సోమల దగ్గరి ఆ ఊరి సర్పంచు పదవి ఎస్సీలకు రిజర్వు అయినప్పుడు ఊరి పెద్ద రెడ్డెప్ప ఏమీ కంగారు పడలేదు. నోరు లేనివాణ్ని ఒకణ్ని నిలబెట్టి, పెత్తనం తను చేస్తే సరి అనుకున్నాడు. ఎస్సీ కాలనీలో ఏరి ఏరి మారప్పను పట్టాడు. మారప్ప శాంతిపురం వైపు గ్రానైటు క్వారీలో చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చినవాడు. ఎవరేమన్నా ఎదురు చెప్పడు. మిషన్ల మోతకు అతని ఎడమ చెవి పోయిందనీ, సగం మాటలు వినపడకే జవాబు చెప్పడనీ రెడ్డెప్పకు తెలియదు.

గెలిచిన మర్నాడే మారప్ప పంచాయతీ ఆఫీసులో సర్పంచు కుర్చీలో కూర్చున్నాడు. చాప మీద కూర్చోమని రెడ్డెప్ప కబురు పంపితే వినపడలేదన్నాడు. సంతకాలకు ఇంటికి రమ్మంటే అదీ వినపడలేదు. చెవుడు ఇంత పనికొస్తుందని తెలిసుంటే రెండో చెవీ క్వారీకే ఇచ్చి వచ్చేవాణ్నని భార్య కృష్ణవేణితో అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ వారం నుంచీ రెడ్ల పొలాల్లో ఆమెను పనికి పిలవడం మానేశారు. ఆమె పుంగనూరు సంతలో కూరగాయల గంప పెట్టుకుంది. సర్పంచుగారి ఇస్త్రీ చొక్కాలు ఆ గంప మీదే నడిచాయి.

తర్వాత కరువొచ్చింది. ఊళ్లో బోర్లన్నీ దుమ్ము కక్కాయి. మారప్ప మదనపల్లెలో ఆఫీసర్లు భోజనానికి లేచే వేళకు సరిగ్గా గుమ్మానికి అడ్డంగా నిలబడుతూ, చివరికి వాళ్ల ఆకలి మీద ఒక బోరు మంజూరు చేయించుకున్నాడు. ఊరంతా వెతికినా నీటి జాడ ఎస్సీ కాలనీ చివరే దొరికింది. అక్కడే వేస్తే నీళ్లు ఎగజిమ్మాయి. భూమికి కూడా మర్యాద తెలియకుండా పోయిందని ఊళ్లో కొందరు బాధపడ్డారు.

కొన్నాళ్లు ఊరివాళ్లు పుంగనూరు నుంచి ట్యాంకరు తెప్పించుకున్నారు. ఆ నీళ్లు నాచు వాసన కొట్టాక రెడ్డెప్పే స్వయంగా మారప్ప దగ్గరికి వచ్చాడు.

"ఈ బోరు నీళ్లకి ట్యాంకు మా వీధిలో కట్టిస్తే అందరికీ బాగుంటాది గదప్పా," అన్నాడు.

"నీళ్లు యాడుంటే ట్యాంకు ఆడే ఉంటాది రెడ్డెప్పన్నా. నీళ్లు మాత్రం అందరికీ. వరసలో నిలబడమని ఆడోళ్లకి సెప్పు."

అన్నాళ్లూ సామీ అని పిలిచిన నోట అన్నా అని వినేసరికి రెడ్డెప్పకు కాలి కింద చీమ కుట్టినట్టయింది.

"వరసలో ముందెవురు?"

"ముందొచ్చినోళ్లు."

మర్నాడు రెడ్డెప్ప భార్య రెడ్డెమ్మ బిందె తీసుకుని బోరు దగ్గరికి వచ్చింది. కాలనీ ఆడవాళ్లు పాత అలవాటు కొద్దీ పక్కకు జరిగారు. కృష్ణవేణి జరగలేదు. రెడ్డెమ్మ ఆమె వెనకే నిలబడి, తన వంతుకు బిందె నింపుకుని, ఎత్తుకోలేకపోయింది.

"ఒక చెయ్యి వెయ్యమ్మా, నడుము పట్టేసింది," అంది.

కృష్ణవేణి బిందె ఎత్తి ఆమె చంకన పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు తమ బిందెలు పొర్లుతున్నా పట్టించుకోకుండా చూశారు.

ఆ నీళ్లు తాగనని రెడ్డెప్ప పంతం పట్టి గోలీసోడాలతో గడిపాడు. సోడా కొట్టు చిన్నప్ప కూడా సోడాల్లో ఆ బోరు నీళ్లే పడుతున్నాడని తెలిశాక పంతం మానేశాడు.

2001లో సీటు జనరల్ అయింది. మారప్ప మళ్లీ నిలబడి చిత్తుగా ఓడిపోయాడు. కొత్త సర్పంచు, రెడ్డెప్ప తమ్ముడి కొడుకు భరత్, బోరు పక్కన కట్టిన ట్యాంకును రెడ్ల వీధికి మారుద్దామన్నాడు. మార్చినన్నాళ్లూ నీళ్లు నువ్వు మోస్తావా అని రెడ్డెమ్మే అడిగింది. ట్యాంకు కదల్లేదు.

ఓడిన మారప్ప రెండు రోజులు ముసుగుతన్ని పడుకున్నాడు. మూడో రోజు పక్క ఊరివాళ్లు తమ శ్మశానం దారి ఎవరో దున్నేసుకున్నారని వచ్చారు. అతను లేచి చొక్కా వేసుకున్నాడు.

"ఓడిపోయినోడివి, నువ్వు యాల పోతాండావు?" అంది కృష్ణవేణి.

"గెలిచినోళ్లు ఇంట్లో లేరంట," అని చెప్పులు వెతుక్కున్నాడు.

ఆ దారి తిరిగి రావడానికి ఏడాది పట్టింది. 2006లో ఆ రెండు ఊళ్లూ కలిసి అతన్ని ఎంపీటీసీగా గెలిపించాయి. ఊరేగింపుకు జీపు తెచ్చారు. డ్రైవరు పక్క సీట్లో కృష్ణవేణి కూర్చుంది. మారప్ప వెనక నిలబడి, వంగి వంగి దండాలు పెట్టుకుంటూ వెళ్లాడు.