బాణం గుర్తు లేని గోడ

ముప్పై ఏళ్లుగా బోర్డులు రాస్తున్న ఆవిడ గీతలో వణుకుండదు, మాటలో వెనకడుగుండదు. కొత్త ప్రార్థనా మందిరం గోడ మీద "దేవుని రాజ్యం" అని రాసేసి, కుంచె కడిగేసింది.

"బాణం గుర్తేదమ్మా? జనానికి లోపలికి దారి తెలియొద్దూ!" అన్నాడు సంఘపెద్ద. ఆయన ఆవిడ భర్తకు స్వయానా అన్న.

"ఆస్పత్రికి వేశాను, బస్టాండుకి వేశాను. దీనికి మాత్రం వెయ్యను. ఇది నాలుగు గోడల మధ్య ఉండేది కాదు బావగారూ."

"మరెక్కడుంటుందట?"

"మీరు సొంత తమ్ముడితో మాట్లాడి తొమ్మిదేళ్లయింది. ముందు ఆయన్ని పలకరించండి. అప్పటికీ బాణం కావాలంటే, ఎటు వెయ్యాలో మీరే చెబుదురుగాని."

ఆవిడ నిచ్చెన భుజానికెత్తుకుంది.

"నడవండి. ఆయన ఇంట్లోనే ఉన్నారు."