తాడు వదలని కాలేజీ

ద్రాక్షతోటలు కొట్టేసి ఇంజినీరింగ్ కాలేజీలు కట్టిన రోజులవి. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. ఒళ్లో బర్రె తాడు ఉంది.

"బర్రె ఏదే బిడ్డా?" అన్నాను.

"పొద్దున్నే అమ్మిన కాకా. మా పిల్ల ఇంజినీరింగ్ ఆరు నెలలకే బంద్ జేసింది. నాలుగేండ్ల ఫీజు కడితేనే ఇంటర్ సర్టిఫికెట్లు ఇస్తరంట. అవి లేకుంటే నర్సు ట్రైనింగ్‌ల తీస్కోరు."

"సదవని సదువుకు పైసలా? సిగ్గులేనోళ్లు!"

ఆమె తాడును పిడికిలికి చుట్టుకుంది.

"బర్రెను కొన్నోడు గూడ తాడు మనకే ఇడిచిపోతడు కాకా. గా సదువుకున్నోళ్లకు గంత మర్యాద గూడ లేదు."

ఆమె ఆ కాలేజీ ముందు దిగిపోయింది.

నేను యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చినవాణ్ణి. ఇప్పటికీ అక్కడ బస్సు ఆగితే, ఆ కాలేజీ బోర్డును కూడబలుక్కుంటూ చివరిదాకా చదివి, కిటికీలోంచి ఉమ్ముతాను.