పదిహేడో నంబరు ఊపిరి

పోయిన ఆదివారం మా అక్క కూతురు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి, నా ముందున్న స్టూలు మీద దాన్ని తెరిచి, పీణ్య ఫ్యాక్టరీల సంగతులు నీకంటే ఎవరికి తెలుసు మామా, ఇది చూసి చెప్పు అన్నప్పుడు, ఆరో తరగతిలోనే చదువుకు దండం పెట్టి బయటపడ్డవాణ్ణి పట్టుకుని ఈ వయసులో పరీక్ష పెడతావేమే అని ఎప్పటిలాగే ఏడిపిస్తూ కళ్ళజోడు వెతుక్కున్నాను. ఆ పిల్ల మా బెంగళూరులోనే ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తుంది. పాతకాలం పరిశోధనల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, అందులో నిజమెంతో పొల్లెంతో చెరిగి చెప్పడం దాని ఉద్యోగమట. మా అమ్మ చేటతో చేసిన పనికి దీనికి ఎయిర్ కండిషన్ గది ఇచ్చారని నేను అంటూ ఉంటాను.

తెర మీద ఏడు గీతలు ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయి. ఏడూ ఒకే తీరున గబుక్కున పైకెక్కి, మెల్లగా వంగి, చివర ఒకే చోట చిన్న మెలిక తిరిగాయి; తేడా అల్లా ఒక్కో గీత దానికి ముందుదాని కంటే రవ్వంత పొట్టిది. తొంభైల్లో పీణ్యలో ఏదో షెడ్డులో కార్మికుల ఊపిరి కొలిచిన కాగితాలట అవి. పేర్లు లేవు, నంబర్లే.

"ఏడు నంబర్లు ఉండాయి గానీ మనిషి ఒక్కడే మామా. ఊదీ ఊదీ అలిసిపోయినాడు, చూడు," అంది.

మొదటి గీత పక్కన పదిహేడు అని ఉంది. నా నోట్లో తయారుగా ఉన్న ఇంకో హాస్యం అక్కడే ఎండిపోయింది.

ఆ షెడ్డులో నన్ను పనికి చేర్చింది మా బావ, అంటే ఆ పిల్ల తండ్రి. నాది ముందు వరుసలో లేత్ మిషను. వెనక రేకుల కింద బావా, ఇంకో పదిమందీ, ఇసుక అచ్చుల్లో పోతపోసిన ఇనుప ముక్కలకు అంటుకున్న ఇసుకను తిరిగే రాయి మీద పెట్టి రాచేవాళ్ళు. మధ్యాహ్నం సద్ది విప్పే వేళకు తలగుడ్డ నుంచి కాలిగోరు దాకా అందరిదీ ఒకే బూడిద రంగు. కడుక్కున్న అరచేతులు తప్ప ఎవరెవరో పోల్చడం కష్టం. మీ పెళ్ళాలు సాయంత్రం వరసలో నిలబెట్టి ఎవరి మొగుణ్ణి వాళ్ళు ఎట్లా ఏరుకుంటారప్పా అని నేను అంటే వాళ్ళు నవ్వేవాళ్ళు, నవ్వు వెంటనే దగ్గేవాళ్ళు. ఆ దగ్గు మాకు మిషను చప్పుడులాంటిది, ఆగితే తప్ప వినబడదు. మరొక్కటి, మన ఈడువాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు: ఒకరి బదులు ఒకరు హాజరు కార్డు గుచ్చడం, ఒకరి బదులు ఒకరు రేషన్ క్యూలో నిలబడడం, పెళ్ళిచూపులకు ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుపోవడం మాకు తప్పు కాదు. అట్లా చేయనివాడే మనిషి కాదు.

అట్లాంటి రోజుల్లో ఏదో పరిశోధన సంస్థ నుంచి ముగ్గురు వచ్చారు. ఒక డాక్టరమ్మ, సుద్దముక్కా టేపూ పట్టుకుని గోడలు కొలిచే ఇంజనీరు, ఊపిరి కొలిచే యంత్రం ముందు కూర్చుని కాగితం మీద పరుగెత్తే ముల్లు తప్ప లోకంలో ఇంకేమీ చూడని ఒకాయన. ముందు గాలిలో దుమ్మెంతుందో చూడాలని, తెల్లకాగితం బిళ్ళ పెట్టిన చిన్న డబ్బాలు అందరి కాలర్లకూ తగిలించారు. మా బావకు పరాయి వస్తువంటే మహా గౌరవం. అంత తెల్లటి కాగితం మాసిపోతుందని సద్దిమూట గుడ్డ చుట్టి, పొద్దస్తమానం దాన్ని పసిబిడ్డలా కాపాడి, సాయంత్రం మచ్చలేకుండా తిరిగి ఇచ్చాడు. ఆయన్ను చూసి అందరూ అదే పని చేశారు. డాక్టరమ్మ ఆ తెల్లబిళ్ళలు చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, మర్నాడు మళ్ళీ తగిలించింది, గుడ్డలు లేకుండా. ఆయుధపూజకు మేము ఊపిరి యంత్రానికి కూడా కుంకుమ పెట్టి బంతిపూలు చుడితే వద్దనలేదు. అంత మంచి మనిషి.

ఊపిరి తక్కువున్నవాళ్ళను పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఎదురొమ్ముకు ఫోటో తీయిస్తామనీ, అట్లాంటివాళ్ళు ఎక్కువగా తేలిన షెడ్డులో దుమ్ము లాగేసే పెద్ద ఫ్యాను పెట్టిస్తామనీ ఆమె చెప్పింది. బావ కూర్చునే చోట వెనక గోడకు కన్నం ఎక్కడ కొట్టాలో ఇంజనీరు సుద్దతో బండిచక్రమంత సున్నా గీసి చూపించాడు. కానీ సాయంత్రానికి షెడ్డులో పుకారు పుట్టింది: ఊపిరి లేనోళ్ళ జాబితా ఓనరుకు పోతుంది, గేటు బయటికి నడవాల్సిందే. పేర్లు ఉండవు, నంబర్లే అని డాక్టరమ్మ ఒట్టు పెట్టినా ఎవరూ నమ్మలేదు.

మర్నాడు బావ తన పదిహేడో నంబరు చీటీ పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు. అప్పటికి రెండేళ్ళుగా దగ్గు. ఇంట్లో ఇంకా నడక రాని ఆడపిల్ల.

"చీటీ ఇట్లా ఇయ్ బావా, నువ్వు ఊదితే ముల్లు లేచేది కాదు," అన్నాను.

"వద్దప్పా. ఆయమ్మ మంచిది. ఉండేది ఉన్నట్లే తెలవనీ."

"తెలిస్తే రేపు నీ స్టూలు మీద ఇంకొకడు ఉంటాడు. మా అక్కకు నేను ఏం చెప్పేది?"

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే చీటీ చేతిలోంచి లాక్కున్నాను. ఆయన దుమ్ము చొక్కా తొడుక్కుని, తలగుడ్డ చుట్టి, రాయి కింద కుప్పబడ్డ దుమ్ము రెండు చేతులా తీసి మొహానికి పూసుకున్నాను. యంత్రం ముందాయన తలెత్తలేదు. నంబరు అడిగి, "జోరాగి ఊదప్పా, జోరాగి" అన్నాడు. ఊదాను. ఇరవై అయిదేళ్ళ ఊపిరి, పొగ తాగని ఊపిరి. "అబ్బా, ఎద్దు ఊపిరి కదా నీది!" అని ఆయన మెచ్చుకున్నాడు. బయటికి వచ్చేసరికి ఇంకో ఆరుగురు చీటీలు పట్టుకుని చెట్టు చాటున నిలబడి ఉన్నారు. ఏడుగురికి, మనిషికి మూడుసార్లు లెక్కన, ఇరవై ఒక్కసారి ఊదాను. చివరి రెండింటికీ కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. ఆ సాయంత్రం నన్ను భుజాలమీద ఎత్తి ఊరేగించారు. నా జీవితంలో అంత గొప్పగా పండిన హాస్యం మరొకటి లేదు.

కొన్ని నెలలకు డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది. మీ షెడ్డువాళ్ళ ఊపిరి బాగానే ఉంది, ఫ్యాను వేరే షెడ్డుకు పోతుంది, మీరు అదృష్టవంతులు అని సంతోషంగా చెప్పి, గోడమీది సుద్ద సున్నాను చేత్తో తుడవబోయి, ఎందుకో తుడవకుండా వదిలేసింది. బావ నావైపు చూశాడు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. పక్కనే ఉంది, నాలుగడుగులు. నేను ఏదో నవ్వులాట ఆడాను. ఏం ఆడానో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఆ సున్నా మాత్రం అట్లాగే ఉండిపోయింది. ప్రతి ఆయుధపూజకూ ఎవరో దాని నడిమధ్య కుంకుమ బొట్టు పెట్టేవాళ్ళు, దాని కింద స్టూలు మీద బావ రాయి తిప్పుతూనే ఉండేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఆయన స్టూలు దిగిపోయాడు. క్షయ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగించారు, పని చేయలేదు. ఆఖర్లో ఒక ముసలి డాక్టరు ఫోటో వెలుతురుకు పట్టి చూసి, రాతి పనా ఇసుక పనా అని అడిగి, ఇది క్షయ కాదు, దుమ్ము జబ్బు అన్నాడు. ఆ మాట విన్నది మేమిద్దరమే. అక్కకు చెప్పొద్దని బావ చెయ్యి ఊపాడు, నేను చెప్పలేదు. సాయంత్రాలు వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చునేవాణ్ణి. నవ్విస్తే దగ్గు, దగ్గితే నెత్తురు; అందుకని నాకు చేతనైన ఒక్క పనీ మానుకుని ఊరికే కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆయనే నవ్వాడు.

"ఇప్పుడు నా బదులు ఊదేదానికి నీచేత కాదు కదప్పా," అన్నాడు.

నన్ను ఏడిపించడానికి అనలేదు, నవ్వించాలనే అన్నాడు. ఇన్నేళ్ళుగా అద్దం ముందు గడ్డం గీసుకునేటప్పుడు నురుగు తెల్లగా మొహమంతా పరుచుకుంటే, కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోతుంది. ఆ తెలుపు కింద ఉన్నది ఎవరో ఒక్క క్షణం పోల్చుకోలేను.

అందుకే ఆదివారం నాడు, ఈ ఏడూ పనికిరానివి, తీసి పారేస్తాను అని ఆ పిల్ల మీట మీద వేలు పెట్టినప్పుడు, ఆగమన్నాను. పదిహేడు మీ నాయనది, ఊపిరి నాది అన్నాను. మొత్తం చెప్పాను: చీటీ లాక్కోవడం, సుద్ద సున్నా, రాయా ఇసుకా అన్న ముసలి డాక్టరు. తండ్రి క్షయతో పోయాడనే అది ఇన్నాళ్ళూ అనుకుంది.

"నాయన వద్దన్న్యాడా?" అని ఒక్కటే అడిగింది.

అన్నాడని చెప్పాను. ఆ పిల్ల తెర వైపు తిరిగింది. తర్వాత పట్టికలో ఆ వరుసను తీసేయకుండా, పదిహేడు ఎదురుగా ఉన్న అంకెలు మాత్రం ఒక్కొక్కటే చెరిపి, ఆ గడి ఖాళీగా ఉంచి, పక్కన 'మనిషి ఉన్నాడు, కొలవలేదు' అని రాసింది. మిగతా ఆరుగురికీ అట్లాగే రాసింది. ల్యాప్‌టాప్ మూసింది. చెప్పులు వేసుకుంటూ, వెనక్కు తిరక్కుండా, అన్ని గీతలకూ చివర ఆ మెలిక ఏంది మామా, మా ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదు అని అడిగింది. ఏమో, మిషనులో ఏదో లోపం ఉండి ఉంటుందిలే అన్నాను. ఆ తర్వాత ఇంతవరకూ ఫోను చేయలేదు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు, ఆ గోడా లేదు. అక్కడ ఏదో గోదాము లేచింది. ఈ కాలం పిల్లల చేతి గడియారాలు నిద్రనూ గుండెనూ కూడా లెక్కపెడతాయి, వేలిముద్ర వేస్తే తప్ప తలుపు తెరుచుకోదు, ఒకరి బదులు ఒకరు ఊదే వీలే లేదు. మంచిదే. మనమే ఒకరి బదులు ఒకరం అన్నీ చేసి పెట్టాం, దాన్నే స్నేహం అనుకున్నాం. నాకిప్పుడు రెండంతస్తుల మెట్లకే ఆయాసం వస్తుంది, మెట్టు మెట్టుకూ నిలబడి ఈ ఊపిరి ఎవరి వంతు అని లెక్కపెట్టుకుంటాను. బావ గురించి కాగితం మీద పడ్డ మొదటి నిజం ఆ ఖాళీ గడి. ఆ పిల్ల ఎదుట చెప్పలేకపోయిన ఆ ఒక్క ముక్క మాత్రం మీకు చెబుతున్నాను. మిషనులో ఏ లోపమూ లేదు. ఊదడం అయిపోవచ్చే ముందు, ప్రతిసారీ, ఆపుకోలేక నేను నవ్విన చోటు అది.